చక్రాల జాడ వెంట

లిబియా దేశపు ఆగ్నేయ మూలన, కర్కటరేఖకు చేరువలో గెబెల్ షెరీఫ్ అనే రాతి గుట్ట ఒకటి ఉంది. మన భోపాల్, రాంచీల మీదుగా సాగే కర్కటరేఖే అటువైపూ పోతుంది. పోలిక అంతటితో సరి. అక్కడికి దగ్గరలోని జనావాసం కుఫ్రా ఒయాసిస్సు. అదీ నూటముప్పై కిలోమీటర్ల దూరాన. కుఫ్రాలో ఏడాది పొడుగునా కురిసే వాన సగటున రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. కొన్నేళ్ళు ఆ మాత్రం కూడా కురవదు.

ఎడారి అన్నమాట వినగానే మనకు ఇసుకతిన్నెలు గుర్తుకు వస్తాయి. ఆ ప్రాంతపు అరబ్బులు ఒక్క మాటతో సరిపెట్టుకోరు. గులకరాళ్ళు పరచిన చదునునేల ‘సెరీర్’, పలుగురాళ్ళు నిండిన పీఠభూమి ‘హమాదా’, ఇసుక మేటలు ‘రమ్లా’, గుట్ట ‘గెబెల్’. బాటసారి దేనిమీద నడుస్తున్నాడన్నదాన్ని బట్టి అతని ఆయుర్దాయం మారుతుంది కాబట్టి ఈ వివరం వారికి అవసరమయింది. ఇసుకలో అడుగుజాడ పూటలోపే మాసిపోతుంది. సెరీర్ నేలమీద పడిన బండిచక్రపు చాలు దశాబ్దాల తరబడి నిలిచిపోతుంది. 1941 ఫిబ్రవరి నెలలో నలుగురు మనుషుల ప్రాణాలు ఈ తేడామీద ఆధారపడ్డాయి.

కుఫ్రా ఒకప్పుడు సెనూసీ అనే ముస్లిం మతశాఖకు రాజధానివంటిది. పరాయివారికి అక్కడ ప్రవేశం దుర్లభం. 1921లో రోజిటా ఫోర్బ్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి, అహ్మద్ హసనైన్ అనే ఈజిప్టు పండితుడు ఒంటెలమీద వెళ్ళి చూసివచ్చినప్పుడు అది ప్రపంచ వార్త అయింది. పదేళ్ళు తిరక్కుండానే, 1931 జనవరిలో ఇటలీ సేనలు కుఫ్రాను పట్టుకున్నాయి. ఊరివారు ఆడా మగా, పిల్లా జెల్లా అన్నది లేకుండా ఎడారిలోకి పారిపోయారు. దాహంతో దారిపొడుగునా రాలిపోయారు. ఆ సమయంలో ఈజిప్టు ఎడారి సర్వే శాఖలో పనిచేస్తున్న పాట్రిక్ క్లేటన్ అనే ఇంగ్లీషువాడు తన మోటారు బండ్లతో వెతికి వెతికి వారిలో అనేకుల ప్రాణాలు కాపాడాడు. ఈ పేరు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ళ తరువాత అదే ఎడారిలో ఆయన తిరిగి కనిపిస్తాడు. అప్పటికి ఆయన మేజర్ క్లేటన్.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీ 1940 జూన్‌లో దిగింది. లిబియా ఇటలీ వలస. ఈజిప్టులో బ్రిటిషు సేన. నడుమ దక్షిణాన ఉన్న లక్షలాది చదరపు కిలోమీటర్ల ఎడారి ఎవరికీ పట్టని జాగా. అటునుంచి శత్రువు ఏమి చేస్తున్నాడో తెలుసుకునే సాధనం బ్రిటిషువారికి లేదు. ఆ సాధనాన్ని సమకూర్చిన వాడు మేజర్ రాల్ఫ్ బాగ్నోల్డ్. ‘నేషనల్ వెల్వెట్’ నవల రాసిన ఈనిడ్ బాగ్నోల్డ్‌కు స్వయానా తమ్ముడు. అంతకు ముందు పదిహేనేళ్ళుగా సెలవు దొరికితే చాలు, పాత ఫోర్డు కార్లు వేసుకుని ఈ ఎడారిలో తిరగడమే ఆయనకు వ్యసనం. 1939లో కెన్యా వెళ్ళే దారిలో ఆయన ఓడ మధ్యధరా సముద్రంలో మరో ఓడను ఢీకొని మరమ్మతుకు ఆగింది. ఆ విధంగా ఆయన ఈజిప్టులో చిక్కుబడ్డాడు. ఆ ఓడ గుద్దుకోకపోతే ఈ కథే లేదు.

తరువాతి కాలంలో భారతదేశానికి వైస్రాయిగా వచ్చిన వేవెల్ అప్పుడు కైరోలో సర్వసేనాని. బాగ్నోల్డ్ చెప్పినదంతా విని, ఆరు వారాల గడువిచ్చి, కావలసినవన్నీ తీసుకోమన్నాడు. ఆ విధంగా ఏర్పడిన దూరశోధక దళానికి ‘లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్’ అని పేరు స్థిరపడింది. మొదటగా చేరినవారు న్యూజిలాండ్ రైతుబిడ్డలు. ఎడారి అంటే ఏమిటో ఎరుగనివారు. అయితే యంత్రాలను ప్రాణంలా చూసుకోవడం వారికి చిన్ననాటినుంచి అలవాటు. షెవర్లే ట్రక్కులకు పైకప్పులు తీసేశారు. ఇనుము పక్కన ఉంటే అయస్కాంతపు దిక్సూచి తప్పు చూపుతుంది గనుక, పలకమీద పడే పుల్లనీడను చూసి దిక్కు చెప్పే సూర్యదిక్సూచిని బిగించారు. రేడియేటరులో మరిగిన నీటి ఆవిరిని ఒక డబ్బాలోకి మళ్ళించి, చల్లార్చి, మళ్ళీ వాడుకునే ఏర్పాటు చేశారు. కాళ్ళకు బూట్లకన్నా మన వాయవ్య సరిహద్దు పఠానుల తోలు చెప్పులే మేలని తెలుసుకుని అవే తెప్పించుకున్నారు. ‘చప్లీ’ అన్న హిందుస్తానీ మాట ఆ దళపు వాడుకలో అలాగే ఉండిపోయింది. తరువాత మన దేశపు అశ్వికదళాల సిపాయిలతో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా 1942లో వీరితో కలిసి పనిచేసింది.

ఈ దళాల పని యుద్ధం చేయడం కాదు, చూసి రావడం. అయినా, చూసి రమ్మంటే కాల్చి వచ్చే ఉత్సాహం వారికి ఉండేది. 1941 జనవరి 11న క్లేటన్ నాయకత్వాన రెండు జట్లు, చాద్ దేశంనుంచి వచ్చిన కొద్దిమంది స్వేచ్ఛా ఫ్రెంచి సైనికులతో కలిసి, నైరుతి లిబియాలోని ముర్జుక్ కోటమీద పగటిపూటే విరుచుకుపడ్డాయి. దారిలో సైకిలుమీద వస్తున్న ఊరి పోస్టుమాస్టరును పట్టుకుని దారి చూపమన్నారట. విమానాశ్రయం తగలబడింది. ఫ్రెంచి నాయకుడు దోర్నానో అక్కడే నేలకొరిగాడు. అటుపిమ్మట ఫ్రెంచి కల్నల్ లెక్లెర్క్ కుఫ్రామీదికి రావాలనుకున్నాడు. ఆయన సేనకు ముందుగా దారి చూడవలసిన పని క్లేటన్ జట్టుకు పడింది.

జనవరి 31న ఆ జట్టు పదకొండు ట్రక్కులతో గెబెల్ షెరీఫ్ చేరింది. ముర్జుక్ దెబ్బతో ఇటలీవారు మేలుకుని ఉన్నారు. పైన విమానం కనబడగానే ట్రక్కులు గుట్ట లోయలో బండరాళ్ళ చాటున సర్దుకున్నాయి. చాటు సరిపోలేదు. ఇటలీవారి ‘ఆటో సహారన్’ దళం 20 మిల్లీమీటర్ల బ్రెడా తుపాకులతో లోయ మొగలోకి వచ్చి నిలిచింది, మీదినుంచి విమానాలు. మూడు ట్రక్కులు నిమిషాలలో మంటలపాలయ్యాయి. కార్పొరల్ బీచ్ అక్కడే మరణించాడు. మిగిలిన ట్రక్కులు రెండోవైపునుంచి బయటపడి దక్షిణానికి తప్పుకున్నాయి. మార్గమధ్యంలో క్లేటన్ బండిని విమానాలు తరిమి కొట్టాయి. ఆయన గాయపడి పట్టుబడ్డాడు. కుఫ్రా కాందిశీకులను ఎడారిలోంచి ఏరి తెచ్చిన మనిషి, వారి ఊరిని పట్టుకున్న వారి చేతికే బందీగా చిక్కాడు.

రాళ్ళ సందులలో దాగిన నలుగురిని ఎవరూ చూడలేదు. శత్రువూ చూడలేదు, తొందరలో తప్పుకున్న సొంతవారూ చూడలేదు. ట్రక్కులతోపాటు వారూ కాలిపోయి ఉంటారనో, పట్టుబడి ఉంటారనో అనుకున్నారు. ఆ నలుగురు: న్యూజిలాండుకు చెందిన ట్రూపర్ మూర్, పాదానికి గాయం, స్కాట్స్ గార్డ్స్ దళపు ఈస్టన్, గొంతుకు గాయం, కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ దళపు వించెస్టర్, మరమ్మతు పనివాడు టై.

రాత్రి గడిచింది. తెల్లవారాక లెక్క చూసుకున్నారు. తిండి లేదు. చలికోట్లు లేవు, అన్నీ ట్రక్కులలో కాలిపోయాయి. సహారాలో ఫిబ్రవరి రాత్రి అంటే ఎముకలు కొరికే చలి. గుండు తగిలి చిల్లిపడిన ఒక డబ్బాలో సుమారు ఎనిమిది లీటర్ల నీరు మిగిలి ఉంది. ఆ చిల్లిని మూసిపెట్టుకున్నారు. ఎనిమిది లీటర్లను నలుగురికి పది రోజులకు పంచితే, మనిషికి రోజుకు ఒక గ్లాసు. పది రోజులు పడుతుందని ఆనాడు వారికి తెలియదు.

కుఫ్రా నూటముప్పై కిలోమీటర్లు. అక్కడ నీరుంది, ఖర్జూరాలున్నాయి, చెర ఉంది. చేతులెత్తి వెళితే ప్రాణం దక్కే అవకాశం హెచ్చు. దక్షిణానికి పోతే ముందు సర్రా బావి రెండువందల పదిహేడు కిలోమీటర్లు. ఢిల్లీనుంచి ఆగ్రాకు నడిచినంత దూరం. అదీ నీరు దొరుకుతుందన్న ఆశ లేకుండా. దగ్గరలోని బిషారా బావినీ, సర్రా బావినీ ఇటలీవారు రాళ్ళు పోసి పూడ్చేశారు. ఇంకా అవతల చాద్ సరిహద్దు దాటాక టెక్రో. అటునుంచి ఎవరైనా ఫ్రెంచివారు ఎదురు వస్తే రావచ్చు. మూర్ దక్షిణానికే పోదామన్నాడు. మిగిలినవారు ఒప్పుకున్నారు. వివేకం ఏ వైపున ఉన్నదని ఇప్పుడు లెక్కించడం సులభమే గాని, ఫిబ్రవరి 1 ఉదయాన ఆ గుట్ట నీడలో నిలిచినవారికి కనిపించినది ఒక్కటే: ఇసుకమీద, గులకలమీద దక్షిణంగా పోతున్న సొంత ట్రక్కుల చక్రాల చాళ్ళు. దిక్సూచి లేని మనిషికి అంతకు మించిన పటం ఏది?

నడక మొదలయింది. దారిలో తమ జట్టువారే ఎప్పుడో పారేసిన జామ్ డబ్బా ఒకటి దొరికింది. నలుగురూ పంచుకుని తిన్నారు. పది రోజుల నడకలో వారి కడుపులో పడిన ఆహారం దాదాపు అంతే. మూర్ పాదంలో దెబ్బ సలుపుతూనే ఉంది. ఈస్టన్ గొంతు దెబ్బతో మింగడం కష్టమయింది. ముందుగా వెనకబడ్డవాడు మాత్రం గాయపడని టై. ఎప్పుడో జరిగిన ఆపరేషన్ తాలూకు నొప్పి తిరగబెట్టింది. ఐదోనాడు ఇక కదలలేనని కూర్చుండిపోయాడు, తనకోసం ఆగవద్దన్నాడు. దారిలో దొరికిన ఖాళీ సీసాలో అతని వంతు నీరు పోసి ఇచ్చి మిగిలిన ముగ్గురూ సాగిపోయారు. ఆ సీసాలో అంతకు ముందు ఏమి ఉండేదో గాని, నీరు ఉప్పునయి తాగడానికి పనికిరాకపోయింది. ఆ సంగతి పోయినవారికి తెలియదు.

మరునాడు ఇసుక గాలి లేచింది. చాళ్ళు సగం పూడిపోయాయి. ముగ్గురూ నేల వెతుక్కుంటూ, అయినకాడికి దారి పట్టుకుంటూ సర్రా చేరారు. పంతొమ్మిదో శతాబ్దం చివర సెనూసీలు కుఫ్రా–చాద్ ఒంటెదారి కోసం ఎంతో ప్రయాసతో తవ్వించిన లోతైన బావి అది. ఇప్పుడు రాళ్ళ గుంట. పక్కన కొన్ని మట్టి గుడిసెలు, అవీ ఖాళీ. తిండి గింజ లేదు. ఒకచోట పారబోయని పాత ఇంజను నూనె దొరికితే, దానితో పాదాలు తడుపుకున్నారు. చితుకులు రాజేసి రాత్రి చలి కాచుకున్నారు. తెల్లవారి మళ్ళీ దక్షిణంగా కదిలారు. వారు వెళ్ళిన తరువాత, టై ఒంటరిగా, ఏ బలంతోనో లేచి నడుచుకుంటూ అదే గుడిసెలకు చేరాడు. అక్కడినుంచి ఇక ముందుకు పోలేక గోడల చాటున ముడుచుకుని పడుకున్నాడు.

తరువాతి ఘట్టం చదివినవారికి నవ్వాలో ఏడవాలో తోచదు. ఫ్రెంచి విమానం ఒకటి ముగ్గురిమీదుగా పోయింది. వారిని చూసింది కూడా. దిగడానికి వీలులేని నేల కావడంతో ఒక తిండి సంచీ, ఒక నిమ్మ పానీయపు సీసా జారవిడిచింది. సంచీ ఎక్కడ పడిందో ఎంత వెతికినా కనబడలేదు. సీసా దొరికింది, బిరడా ఊడిపోయి, అడుగున అంగుళం మాత్రం మిగిలింది. ఆకాశంనుంచి వచ్చిన సాయం ముగ్గురికి కలిపి రెండు మూడు గుక్కలు.

ఈస్టన్ అడుగులు తడబడ్డాయి. ముందున్న ఇద్దరూ అతను తమ వెనకే వస్తున్నాడనుకున్నారు. చూసేసరికి లేడు. వెనక్కు వెళ్ళి వెతికే శక్తి ఎవరిలోనూ లేదు. ఆపైన వించెస్టర్‌కు మతి చలించసాగింది. ఫిబ్రవరి 9న మూర్ డబ్బాలో మిగిలిన నీటిలో సగం అతనికి ఇచ్చాడు. సగం అంటే ఒక్క గుక్క. రెండో గుక్కతో తాను ఒంటరిగా బయలుదేరాడు.

ఆ సాయంత్రమే ఫ్రెంచివారి జట్టు ఒకటి సర్రాకు వచ్చింది. గుడిసెలలో టై కనిపించాడు. నోట మాట పెగలగానే అతను మొదట చెప్పిన సంగతి: మరి ముగ్గురు ముందుకు పోయారని. అప్పటికప్పుడు దీపాలతో జాడ వెంట బయలుదేరారు. చీకటిలో జాడ తప్పింది. పొద్దుపొడిచాక తిరిగి పట్టుకున్నారు. చక్రాల చాళ్ళమీద ఇప్పుడు కాళ్ళజాడలు. నలుగురిని బతికించడానికి దారి చూపిన గీతే, వెతుకుతూ వచ్చినవారికీ దారి చూపింది.

సర్రాకు ఎనభైతొమ్మిది కిలోమీటర్ల దూరాన ఈస్టన్ నేలమీద పడి ఉన్నాడు. ప్రాణం ఉంది. నీరు ఇచ్చారు, పలచగా తియ్యటి టీ కాచి ఇచ్చారు. అతను చిరునవ్వు నవ్వి, తనకు టీలో చక్కెర లేకుండా తాగడమే అలవాటు అన్నాడట. ఆ సాయంత్రం ఏడు గంటలకు కన్నుమూశాడు. సర్రాకు నూటఐదు కిలోమీటర్ల దగ్గర వించెస్టర్ దొరికాడు. మగతలోనే ఉన్నాడు, అయినా మనుషుల అలికిడికి లేచి నిలబడగలిగాడు. మరో పదహారు కిలోమీటర్లు పోయాక మూర్. అతను పడి లేడు. కూర్చుని కూడా లేడు. గెబెల్ షెరీఫ్‌నుంచి మూడువందల ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరాన, గాయపడిన పాదంతో, నిలకడగా నడుస్తూనే ఉన్నాడు. టెక్రో మరి నూటముప్పై కిలోమీటర్లు ఉంది. మూడు రోజులలో తానే చేరగలనని అతని లెక్క. లెక్క మధ్యలో వచ్చి ఆపినందుకు అతనికి ఒకింత కోపం కూడా వచ్చిందంటారు.

మూర్‌కు డిస్టింగ్విష్డ్ కాండక్ట్ మెడల్ లభించింది. న్యూజిలాండ్‌లో ఈ ఉదంతానికి ‘మూర్ నడక’ అని పేరు వచ్చింది. పేరు పెట్టినవారిని తప్పు పట్టలేము గాని, ఆ పేరులో తక్కిన ముగ్గురూ కనబడరు. పడిపోయి, వదిలివేయబడి, మళ్ళీ ఒంటరిగా లేచి సర్రాదాకా వచ్చిన టై కనబడడు. అతను రాకపోతే వెతికేవారికి ఆ ముగ్గురి సంగతి తెలిసేదే కాదు.

లెక్లెర్క్ ఆగలేదు. కుఫ్రా కోటను ముట్టడించి 1941 మార్చి 1న లొంగదీసుకున్నాడు. స్ట్రాస్‌బర్గ్ కెథడ్రల్‌మీద ఫ్రెంచి పతాకం ఎగిరేదాకా ఆయుధం దింపబోమని ఆ మరునాడు ఆయన సైనికులతో చేయించిన ప్రమాణం ఫ్రెంచి చరిత్రలో నిలిచిపోయింది. 1944 నవంబరులో దానిని చెల్లించుకున్నాడు. క్లేటన్ ఇటలీ చెరసాలలో ఉండగానే, ఆయన ఎడారి సర్వేలకుగాను 1941లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకం ప్రకటించింది. సింహళంలో పుట్టిన మైకేల్ ఒండాచి 1992లో రాసిన ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ నవల చదివినవారికి ఈ ఎడారి, ఈ సర్వే బృందాలు కొంత పరిచితమే. అందులో కథానాయకుడికి ఆధారమైన అల్మాషీతో కలిసి 1932లో ఇదే ప్రాంతాన్ని గాలించినవారిలో క్లేటన్ ఒకడు.

ఈ ఎడారి అందరినీ తిరిగి పంపలేదు. 1943 ఏప్రిల్ 4 రాత్రి ‘లేడీ బి గుడ్’ అనే అమెరికన్ బాంబరు దారితప్పి, ఇంధనం అయిపోయి కుఫ్రాకు ఉత్తరాన ఇసుకలో కూలింది. పారాషూట్లతో దూకిన తొమ్మండుగురిలో ఒకడు పారాషూట్ విచ్చుకోక మరణించాడు. ఎనిమిదిమంది అర క్యాంటీను నీటితో ఉత్తరానికి నడిచారు. నూటముప్పై కిలోమీటర్ల దగ్గర ఐదుగురు ఆగిపోయారు, ముగ్గురు ముందుకు పోయారు. సముద్రం చాలా దగ్గరలో ఉన్నదని వారి భ్రమ. అది వందల కిలోమీటర్ల దూరం. విమానం 1958లోగాని కంటబడలేదు. శవాలు 1960లో దొరికాయి, ఒకరి జేబులో రోజువారీ డైరీతో సహా. మూర్ జట్టుకూ వీరికీ సత్తువలో తేడా లేదు. నలుగురికి తాము ఎక్కడ ఉన్నదీ తెలుసు, ఎనిమిదిమందికి తెలియదు.

వారు నడిచిన నేల అడుగున, నూబియన్ ఇసుకరాతి పొరలలో, వేల ఏళ్ళనాటి వానల నీరు నిలువ ఉందని తరువాత తేలింది. ప్రపంచంలోని మహా భూగర్భ జలాశయాలలో అది ఒకటి. కుఫ్రాలో ఆ నీటిని పైకి తోడి వలయాకారపు పొలాలు సాగు చేశారు. అంతరిక్షంనుంచి తీసిన ఛాయాచిత్రాలలో ఆ పచ్చని చక్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. సర్రా దగ్గర గడాఫీ కాలంలో వైమానిక స్థావరం వెలిసింది. 1987 సెప్టెంబరు 5న చాద్ సైనికులు చిన్న మోటారు బండ్లలో వచ్చి దానిని ధ్వంసం చేశారు. ఇసుకమీద వేగంగా వచ్చి కొట్టిపోయే విద్య బాగ్నోల్డ్ కాలంతో ముగిసిపోలేదన్నమాట.

లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ 1945లో రద్దయింది. 1980లో లిబియా ఎడారినుంచి వెలికితీసిన ఆ దళపు షెవర్లే ట్రక్కు ఒకటి లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం చేతికి వచ్చింది. దానిని కొత్తదానిలా బాగుచేయలేదు. తుప్పుతో, సొట్టలతో దొరికినది దొరికినట్టే నిలిపారు. ఎడారిలో సెరీర్ నేలమీద మాత్రం ఆనాటి బండ్ల చాళ్ళు ఇప్పటికీ అక్కడక్కడా గులకల నడుమ రెండు గీతలుగా, ఆగకుండా దూరానికి పోతూ కనిపిస్తాయి.